ఒక్కదిక్కు కూర్చునే మనిషికి సీటు

మనిషికి నప్పని సీటు అమ్మి, తప్పు మనిషిదే అన్నారు. ఉప్పల్ స్కూటర్ షోరూంలో కౌంటర్ వెనకాయన నా భార్య ముందే అన్న మాట ఇది: "సీటుకేం గాలే తాతా. అమ్మకే తుంటి సక్కగ లేదు."

ఆమెకు కుడి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఏడాది అది. ఆ పక్క బరువు పడితే ఓర్వలేదు. ఆటో ఎక్కితే గుంతలకు ఇంకా నరకం. ముప్ఫై ఏళ్ళుగా, దవాఖానాలో ఉన్న రోజులు తప్ప, ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి, కొత్త స్కూటర్ మీద రెండు వారాలు వచ్చి, మూడో వారం "నువ్వు పో, నాకు ఇంట్ల పనుంది" అంది. ఏ పనీ లేదు. ఉత్త మంచం మీద కూర్చుంది.

నేను బడికి పోయినవాణ్ణి కాను. నాచారంలో ఫ్యాక్టరీ గేటు కాస్తూ పాత పేపర్ల మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఆ అక్షరాలతోనే కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఇక సీటు ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకున్నాను.

బియ్యం సంచిలో తడి ఇసుక పోసి, కుర్చీలో పెట్టి ఆమెను కూర్చోబెట్టాను. లేచాక పడ్డ గుంతను జానతో, వేళ్ళతో కొలిచాను.

"పెండ్లినాడు గాజుల కొలత గూడ అడగలే. ఇప్పుడు పిర్రల కొలత గావాల్నా నీకు?" అంది.

రెక్జిన్ విప్పి, హాక్సా బ్లేడుతో ఫోము కోసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను. గట్టి ఫోము కింద, మెత్తది పైన అంటించాను. మూడు రోజులు ఇల్లంతా గమ్ వాసన. ఎక్కించుకుని వీధి చివరిదాకా పోయి వచ్చాను. దిగుతూ నా భుజం పట్టుకుని ఎడమ కాలి మీదే నిలబడింది.

"ఎట్లుంది?"

"మంచిగనే ఉంది."

ఆపరేషన్ అయిన పూట దవాఖానాలోనూ ఇదే మాట. అబద్ధమాడకని గట్టిగా అన్నాను.

"కుర్చీల కూసోవెట్టి కొలిచినవ్. బండి మీద నీ లెక్క కాళ్ళు చెరో పక్క ఏస్తనా? చీర గట్టిన మనిషి ఒక్కదిక్కు కూసుంటది. ముప్పై ఏండ్ల సంది నీ ఎన్కనే ఉన్న. ఎన్నడన్న తిరిగి సూసినవా?"

షోరూం ఆయన మీద అంత మండిపడ్డ నేను చేసింది కూడా అదేగా, మనిషిని చూడకుండా సీటు చెయ్యడం. కాళ్ళు ఎడమపక్కకు వేసి కూర్చుంటే, ఆ కుడి తుంటి నా నడుముకు ఆని ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆని ఉన్నది నాకే తెలియలేదు.

ఈసారి వాకిట్లో బండికి స్టాండు వేసి, ఇసుక సంచి వెనక పరిచి, ముందు నేను, వెనక ఆమె, ఎటూ పోకుండా కూర్చున్నాం.

పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసింది. "పెద్దమ్మా, యాడికి పయనం?"

"గీడికే," అంది మా ఆమె.

ఇసుకలో పడ్డ గుంత కొలత ప్రకారం, ఆమె తుంటి నా నడుముకు ఆనే చోట ఫోము తవ్వి, వెనకవైపు ఎత్తు చేసి, మళ్ళీ రెక్జిన్ బిగించాను. ఆదివారం బయల్దేరాం. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టిన రోజులవి. గుంత గుంతకూ ఎట్లుందని అడిగాను. "ముందల సూసి నడుపు," అంది. ప్రార్థన అయ్యాక బండి ఇంటివైపు, నాచారానికి తిప్పుతూ మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది:

"ఇంటికెందుకు తిప్పుతున్నవయ్యా? నాగోల్ దాక పోనియ్యి. గిట్లనే కూసుంట."