కంప్యూటర్లో అద్దెకు దిగిన ఆడగొంతు

అప్పారావుకు లోకంలో దేనిమీదా నమ్మకం లేదు. చెడు జరిగితే కాస్త కుదుటపడేవాడు. మంచి జరిగితే మాత్రం, దాని వెనకాల ఏముందో తేలేదాకా అన్నం సహించేది కాదు.

బచేలీ ఇనుప గనిలో ముప్పైరెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. కరెంటు తీసేశామని ఎవరు చెప్పినా టెస్టరు పెట్టి చూడనిదే తీగ ముట్టలేదు కాబట్టే బతికి ఉన్నానని అతని వాదం. అది భార్య పైడమ్మ కూడా ఒప్పుకుంటుంది. తీగల దగ్గర పనికొచ్చే పద్ధతిని వంకాయల మీదా, డాక్టర్ల మీదా వాడితే కాపురం ఎలాగన్నదే ఆమె బాధ.

ఒకసారి డాక్టరు "మీ బీపీ బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"మిషను బాగుందా సార్? ఏదీ, మీకు పెట్టుకుని చూడండి."

డాక్టరు నవ్వుతూ పెట్టుకున్నాడు. అంకె చూడగానే నవ్వు ఆగిపోయింది. "మిషను బాగానే ఉంది" అని అప్పారావు తృప్తిగా ఇంటికొచ్చాడు. డాక్టరు రెండు రోజులు సెలవు పెట్టాడు.

విశాఖ వెళ్లే రైలు సరిగ్గా టైముకొస్తే ఎక్కడానికి ఒప్పుకోలేదు. "దారిలో ఎన్ని స్టేషన్లు వదిలేసి వచ్చారు?" అని గార్డును నిలదీశాడు. పైడమ్మ రెక్క పట్టుకుని పెట్టెలోకి లాగింది.

అలాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి, తన కంప్యూటర్లో ఇంకా తయారీలోనే ఉన్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తానన్నాడు. ఇష్టమున్నవాళ్లు ముందుగా వాడి, దోషాలు పట్టి చెప్పాలట.

"తప్పులుంటాయని ఆడే సెప్తన్నాడా?" అంది పైడమ్మ.

"అదే నా అనుమానం! ఇన్ని తప్పులు ఒప్పుకుంటున్నాడంటే ఇంకేదో దాస్తన్నాడు. అందుకే పాతదాని జోలికెళ్లకుండా, డిస్కులో ఖాళీగా ఉన్న భాగంలో పెడతాను. వేరే గదిలో అద్దెకు పెట్టినట్టన్నమాట. మన వంటింట్లోకి రాడు."

"మరి మద్దిన తలుపుకి గడియుందా?"

ఊరికే అన్న మాటే. అప్పారావు ముఖం పాలిపోయింది. కంప్యూటర్లో ఉన్నదంతా రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాడు. ఒకటి బీరువాలో పెట్టాడు. రెండోది మర్నాడు అత్తెసరు పెట్టబోతుంటే బియ్యం డబ్బాలో పైడమ్మకు దొరికింది.

తర్వాత "షరతులు చదివాను, ఒప్పుకుంటున్నాను" అన్నచోట లోకమంతా నొక్కేసే మీట అతను నొక్కలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాడు. నాలుగోనాడు నొక్కాడు.

వారం తిరిగింది. పైడమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గదిలోంచి తియ్యటి ఆడగొంతు వినిపించింది.

"మీరు ఎడమవైపు ఉన్నారు. 'సరే' నొక్కండి."

"మళ్లీ చెప్పు" అంటున్నాడు అప్పారావు. "మెల్లగా చెప్పు."

కిటికీలోంచి తొంగి చూసింది. మొగుడు కళ్లకు తువ్వాలు కట్టుకుని, కంప్యూటరు ముందు ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ అనుమానాల శాఖంతా అప్పారావే చూసుకున్నాడు. పైడమ్మకు ఆ పని కొత్త.

"ఏటండీ ఆ గొంతు? ఎవులది?" లోపలికొచ్చి బల్లకింద కూడా చూసింది.

"కంప్యూటరుదే. తెర మీదున్నది చదువుతాది."

"మరి మీకు కళ్లున్నాయి కదా, తువ్వాలెందుకు?"

"పనయ్యాక సెప్తాను."

రెండు నెలలు అదే జవాబు. రోజూ తువ్వాలు, రోజూ ఆ గొంతు. ఒక నోటుబుక్కులో ఏదో రాసుకోవడం, పైడమ్మ రాగానే మూసేయడం.

ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా తయారై విడుదలైన రోజున అప్పారావు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని బయల్దేరాడు. పైడమ్మ ఇరవై అడుగుల వెనక నడిచింది. అతను వెళ్లి వెళ్లి ఉమామహేశ్వరి టీచరు ఇంట్లో దూరాడు. ఆవిడ ఒకప్పుడు అప్పారావు కొడుక్కి అక్షరాలు నేర్పిన పంతులమ్మ. పైడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరది?" అంది టీచరు, మూడడుగుల దూరంలో ఉన్న పైడమ్మ వైపు చూస్తూ.

నమస్కారం పెట్టబోతున్న పైడమ్మ చేతులు దించేసింది. అప్పారావే చెప్పాడు. "మా పైడే, టీచరుగారూ."

"రా అమ్మా. నాకు కళ్లు మసకబారాయి, ఎవరికీ చెప్పకు అని మీ ఆయనతో అన్నాను. నీకు కూడా చెప్పలేదా?" టీచరు నవ్వింది. "చదివిపెట్టే గొంతు వచ్చిందటగా, పెట్టవయ్యా అని రెండు నెలల్నుంచి పోరుతున్నాను. పెట్టడే!"

"ఎలగ పెడతానండీ?" అన్నాడు అప్పారావు. "గిరిజనుల దోర్లీ బాస మాటలు పోగేసి, తెలుగు అర్థాలు రాసుకున్నారు మీ కంప్యూటర్లో. పద్దెనిమిదేళ్ల పని. పోతే ముందు నాది పోవాల. మీరు కళ్లతో వాడలేరు గదా, అందుకని నానూ కళ్లు మూసుకునే వాడి చూశాను."

నోటుబుక్కు తీశాడు. అరవై మూడు తప్పులు పట్టి, తయారు చేసినవాళ్లకు రాసి పంపాడట. యాభై ఎనిమిది సరిచేశారట. మిగతా అయిదింటికీ దొడ్డిదారి కనిపెట్టి, ఏ మీట నొక్కాలో టీచరు వేళ్లకు నేర్పడానికొచ్చాడు.

టీచరు కంప్యూటర్లోనూ ఆ సిస్టమ్ ఎక్కించాక, సాయంత్రం నాలుగింటికి టీచరు తన ఫైలు తానే తెరిచింది. గొంతు మొదటి అర్థం చదివింది. "ఇపపువ్వు."

"ఒత్తు మింగేశావు పిల్లా" అంది టీచరు, బెత్తం పట్టుకున్నట్టు చెయ్యెత్తి. "ఇప్పపువ్వు! మళ్లీ చదువు."

అప్పారావు గబగబా మీట నొక్కాడు.

"ఇపపువ్వు."

"చూశావా పైడమ్మా, బొత్తిగా భయం లేదు దీనికి!" అంటూ టీచరు తనే పగలబడి నవ్వింది. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.