పాత పైథాన్ తీసేయమన్న లైను

పెన్ను లేకుండా క్లాసుకొచ్చినవాళ్లను నేను బయటికి పంపేస్తాను. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో కంప్యూటర్ కోర్సు చెబుతున్న పదకొండేళ్లుగా ఇదే నా పద్ధతి. చక్రపాణి సార్‌కి కోపమెక్కువని పిల్లలు చెప్పుకుంటారు. నిజమే, ఎక్కువే. అయినా జీవమణిని ఒక్కరోజూ కసరలేదు. ఆ అమ్మాయి ఆ సందివ్వలేదు.

ఎర్రగడ్డలో ఒక స్కూలు ఆఫీసులో ఎనిమిదేళ్లు టైపు కొట్టి, ముప్పై ఒకటో ఏట మా దగ్గర చేరింది. చివరి బెంచీలో కూర్చుని నేను చెప్పిన ప్రతి మాటా నోటుబుక్కులో ఎక్కించేది. కోర్సయ్యాక మిగతావాళ్లంతా మూడేళ్ల అనుభవం ఉందని రెజ్యూమేలో రాసుకుంటే తను ఒప్పుకోలేదు.

"ఉద్యోగం కోసం ప్రార్థన చేస్కుంట, అబద్ధమెట్ల రాస్త సార్?" అంది.

బతకనేర్చిన మనిషి కాదులే అనుకున్నాను. చివరికి పంజగుట్టలో ఒక చిన్న కంపెనీ మూడు నెలలు పని చూస్తామని తీసుకుంది. నచ్చితే పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

ఆ మూడు నెలలు పూర్తయ్యే రోజు, మంగళవారం పదకొండింటికి, నేను క్లాసులో ఉండగా ఫోన్ చేసింది.

"సార్, జర బయటికొచ్చి మాట్లాడ్తరా?"

ఆమెకిచ్చిన పని ఇదీ. ఎక్కడో ముంబైలో నాలుగు బిల్డ్ సర్వర్లున్నాయి. ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ను సిద్ధంచేసి కస్టమర్లకు చేర్చే మెషిన్లవి. మనిషి చెయ్యి పడకుండా ఆ పని జరగాలంటే వాటిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తది, దాంతో నడిచే మరికొన్ని టూల్స్ వేయాలి. అంతా ఇక్కడ కూర్చునే చేయాలి. సాయంత్రం నాలుగింటికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వాటి మీదుగానే బయటికి పోవాలి.

"మీ నోట్సు చూసే చేసిన సార్. పాత పైథాన్ తీసేయమని మొదటి లైన్ల ఉంది కద, ఒక సర్వర్ల తీసేసిన. ఇప్పుడు కొత్తది ఎక్కుతలేదు. ఇన్‌స్టాల్ చేసే కమాండే పనిచేస్తలేదు."

ఆ లైను నాదే. మా ల్యాబులో ఒక బ్యాచ్ లేచిన మెషిన్ల మీదే ఇంకో బ్యాచ్ కూర్చుంటుంది. ముందువాళ్లు వేసిన చెత్త ఊడ్చి మొదలుపెట్టండని ప్రతి పాఠానికీ ముందు ఆ లైను రాయిస్తాను. మా దగ్గర అది పిల్లలు వేసుకున్న పైథానే, పోయినా ఏమీ కాదు. అక్కడి సర్వర్లలో మాత్రం, కొత్తవి తెచ్చి ఎక్కించే సాధనమే పాత పైథాన్ మీద నడుస్తోందన్నమాట.

"ఇప్పుడేం చెయ్యాలె సార్?"

ల్యాబులో ఇలా అయితే దాన్ని వదిలేసి పక్క మెషిన్ ముందు కూర్చోమంటాను. రెండు నిమిషాల పని. ఆ మాట ఈమెకెలా చెప్పను? అంతకు మించి నాకు తెలియదు. పదకొండేళ్లు పాఠాలు చెప్పాను గానీ, కంపెనీలో ఒక్కరోజూ పనిచేయలేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

"ఆ విండో మూయకు. మిగతా మూడూ ముట్టుకోకు. నేనొస్తున్నా," అన్నాను. వెళ్లి ఏం పొడుస్తానో నాకే తెలియదు.

అమీర్‌పేట నుంచి పంజగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే. నిలబడి ఫోన్లో వెతుకుతూనే ఉన్నాను. దొరికినవన్నీ భయపెట్టేవే. అబద్ధాలు రాసుకున్నవాళ్లందరూ హాయిగా జీతాలు తీసుకుంటున్నారు, రాయనన్న ఒక్కదాన్ని నేను ముంచాను.

కంపెనీ గేటు దగ్గర సాయిలు అనే సెక్యూరిటీ ఆపాడు. "మేడం కిందికి ఫోన్ చేస్తె పంపిస్త సార్. జర కూసోండి."

అర్జెంటయ్యా అని కసిరాను. అతను కదల్లేదు. జీవమణికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికి పంపేశారేమోనని లిఫ్టు తెరుచుకున్నప్పుడల్లా లేచి చూశాను. గంటన్నర అలాగే గడిచింది.

ఒంటిగంటకు దిగొచ్చింది. కళ్లెర్రబడ్డాయి. చేతిలో నోటుబుక్కు.

"మా టీం లీడ్ హనుమత్ప్రసాద్ గారికి చెప్పేసిన సార్. మీరొచ్చేదాంక దాద్దామనుకున్న. గని నాలుగింటికి రిలీజు, మనసొప్పలే."

"ఏమన్నారు?"

"ఇలా చేయమని నీకెవరు చెప్పారమ్మా, అన్నరు. నేనే చేసిన అన్న. మీ పేరు చెప్పలే. పక్క సర్వర్ల నుంచి పాత పైథాన్ ఫైళ్లు తెచ్చి ఒక్కోటి చేత్తోని ఎక్కించినం. ఆయన చెప్పిండ్రు, నేను కొట్టిన. మంచిగైంది సార్. మిగతా మూడింట్ల పాతదాన్ని ముట్టకుండ, కొత్తది పక్కన వేస్తున్న."

"మరి ఉద్యోగం?"

"ఇంకో మూడు నెలలు చూస్తమన్నరు. పర్మనెంటు ఇయ్యలే."

నాకు తల తీసేసినట్టయింది. "తప్పు నాదమ్మా. నేను నిజమైన కంపెనీ సర్వర్‌ను ఒక్కసారి కూడా చూడలేదు," అన్నాను.

"ఏం చెయ్యాలె అనడిగితె ఫోన్ల మీరు ఆగినప్పుడే తెలిసింది సార్."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. ఉదయం నుంచి చేసిందంతా వరుసగా రాసి ఉంది, కొట్టిన ప్రతి కమాండూ.

"రాస్కోండి సార్. లేకుంటె సాయంత్రం బ్యాచుకు సుత ఆ లైనే చెప్తరు."

జేబులు తడుముకున్నాను. పెన్ను లేదు. తన పెన్ను నా చేతికిచ్చి, నేను రాయడం అయ్యేదాకా అక్కడే నిలబడింది.