అత్త వేలు పెట్టిన చోటు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ మాటకొస్తే పలాసలో సగం దయ్యాలను పుట్టించింది నేనే. నా కోతలు విని జడుసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇది మాత్రం కల్పించింది కాదు. కల్పిస్తే ముగింపు ఇంకా బాగా పెట్టుకునేవాణ్ణి.

నేను ఇంటి నుంచే చిప్పులు డిజైన్ చేస్తాను. గోరంత ముక్కలో కోట్ల స్విచ్చులు, వాటిని కలిపే తీగలు. తీగ సన్నబడితే వేడెక్కి తెగుతుంది. రెండు మరీ దగ్గరైతే ఒకదాని సంకేతం రెండోదాన్ని చెడగొడుతుంది. కంటితో చూసి తప్పు పట్టడం ఎవరివల్లా కాదు, సాఫ్ట్‌వేరే పట్టాలి. తయారీకి పంపాక దిద్దడం కుదరదు. అప్పుడు నా చేతిలో ఉన్న చిప్పు పాడైతే ఉద్యోగం పోతుందని మేనేజరు ముందే చెప్పాడు.

పంపే రోజు మధ్యాహ్నం మా మేనత్త టీ తెచ్చింది. ముప్పై ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో బల్ల దగ్గర కూర్చుని పుచ్చుపప్పు ఏరిన మనిషి. తెర మీద చిప్పంతా రంగుల మరకలా ఉంది. ఒక మూల వేలు పెట్టింది.

"ఇక్కడ పుచ్చుందిరా. తీసీ."

"కళ్ళజోడు తుడుసుకో అత్తా. ఇది పప్పు కాదు."

"ఏదైతే ఏటిరా ఎదవా, పుచ్చు పుచ్చే."

నవ్వాను. ఎక్కడైనా కథగా చెప్పుకోవచ్చని ఆ చోటు నోటుబుక్కులో రాసుకున్నాను. పరీక్షలన్నీ మళ్ళీ నడిపాను. ఒక్క తప్పూ రాలేదు. పంపేశాను.

నెలల తర్వాత చిప్పు తయారై వచ్చింది. కాసేపు పనిచేసి, వేడెక్కగానే ఆగిపోయేది. తీగ తెగిన చోటు ల్యాబువాళ్ళు ఫొటో తీసి పంపారు. నోటుబుక్కు తీసి చూశాను. అదే చోటు.

మేనేజరు ఆఖరి అవకాశం ఇచ్చాడు. ఆ మూల తీగలన్నీ మళ్ళీ వేసి, ఈసారి అత్తను నేనే పిలిచి కూర్చోబెట్టాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా చూసింది.

"ఇప్పుడు బాగుందిరా."

అమ్మయ్య అనుకుని తెర వైపు తిరిగాను. అత్త లేచి వెళ్తూ నా వెనక ఆగింది. నడుముకు కాస్త పైన, ఎడమ పక్కన, వేలు ఆనించింది. తియ్యలేదు.

"ఏటత్తా?"

"ఏటీ నేదురా. నీళ్ళు బాగా తాగు."

ఆ రెండో చిప్పు ఇప్పటికీ నడుస్తోంది. ఉద్యోగం నిలిచింది. కానీ మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలాంటి మనుషుల్ని తీసుకుపోయిందో చూసినవాణ్ణి. అత్త వేలు ఆనించిన మర్నాడే టెక్కలి వెళ్ళి రక్తపరీక్ష, స్కానింగు చేయించుకున్నాను. అన్నీ బాగున్నాయని డాక్టరు నవ్వి పంపేశాడు. మొదటి చిప్పు విషయంలో సాఫ్ట్‌వేరూ అదే చెప్పింది.

అత్తను అడిగితే మాట మారుస్తుంది. ఆవిడకు ఏం కనిపించిందో, ఎలా కనిపించిందో నాకు నేటికీ అంతుపట్టలేదు. మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను. ప్రతిసారీ నార్మలే.

ఈమధ్య నేను గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటే అత్త నా గదిలోకి రావడం లేదు.