తిరిగి పోసిన బియ్యం

మొన్న శనివారం పొద్దున వీధిలో "గోవిందా!" అన్న కేక వినిపించగానే నాకు ఒక్కటే దృశ్యం గుర్తొచ్చింది. నుదుట నిలువు నామం, ఒంటి మీద పసుపు పంచె, చేతిలో ఇత్తడి చెంబు. మా మేనమామ, తన కాలనీలోనే ఉండే టీచరమ్మ గుమ్మంలో నిలబడి, ఆవిడ అప్పుడే పోసిన బియ్యాన్ని ఆవిడ చేటలోకే వంచేశాడు. భిక్ష వెనక్కివ్వడం మా వాళ్ళలో నేను చూడడం అదే మొదలు.

పుదుచ్చేరిలో తరతరాలుగా ఉండిపోయిన మా తెలుగు కుటుంబాల్లో పురట్టాసి నెల, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా వచ్చే తమిళ నెల, శనివారాలు వేంకటేశ్వరస్వామివి. ఎంత కలిగినవాడైనా ఆ నెలలో ఒక శనివారం చెప్పుల్లేకుండా ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కోవాలి. ఆ బియ్యంతోనే పొంగలి వండి స్వామికి పెట్టాలి. మామ బ్యాంకు మేనేజరయ్యాక కూడా మానలేదు. లోను కోసం తన చుట్టూ తిరిగేవాళ్ళ గుమ్మాల్లో తనే చెంబు పట్టుకుని నిలబడేవాడు. వాళ్ళు కంగారుపడి లోపలినుంచి బస్తాయే లాక్కొచ్చేవారు. పిడికెడు చాలని బతిమాలుకోవడం ఆయన వంతు. ఏటా వెళ్ళే ఇళ్ళు మాత్రం మార్చకూడదని వాళ్ళమ్మ పెట్టిన నియమం.

రెండు వేల అయిదో, ఆరో, సరిగా గుర్తులేదు. మూలకుళంలో మామ ఉండే కాలనీ సొసైటీకి ఎన్నికలొచ్చాయి. పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలంలో కల్యాణ మండపం కట్టాలని పాత ప్రెసిడెంటు పట్టుదల. దాన్ని ఆపడానికే మామ పోటీకి దిగాడు. పోలింగు ఆదివారం, ముందురోజే ఆయన భిక్షకు వెళ్ళే శనివారం. ఆయన వైపు వాళ్ళు ఎగిరి గంతేశారు. నామం పెట్టుకుని గుమ్మంలోకొచ్చిన మనిషికి ఓటు లేదనేవాడెవడని వాళ్ళ లెక్క. నేను పత్రికలో పనిచేస్తున్నాను గనక ఫోటోగ్రాఫరును తెమ్మని నాకు పురమాయించారు. మామ వాళ్ళను గేటు దాకా సాగనంపి గొళ్ళెం పెట్టాడు.

"ఈ ఒక్క ఏడు కిరుమాంబాక్కం పోయి అడుక్కోరాదా? ఆడ నీకు ఓట్లు లేవు గదా," అంది అత్త.

"ఓట్లు జూసుకోని ఇళ్ళు మారిస్తే అదీ ఓట్ల యాపారమే గదే."

ఏటా లాగే సంచి పట్టుకుని నేను వెంట నడిచాను. టీచరమ్మ మాటంటే ఆ వీధి ఆడవాళ్ళకు గురి. ఆవిడ ప్రేమగానే బియ్యం పోసి, "రేపు మా వీధంతా మీకేనన్నా. అందరికీ చెప్పేసినా," అంది. అంతే, చెంబు వంగింది.

"ఏందన్నా, నా బియ్యంలో పురుగులున్నాయా?"

"బియ్యం బంగారమే తల్లీ. సామికి పోసింటే ఎత్తుకుందును. నాకు పోసినావు."

ఆవిడ చేట పట్టుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

"చెవిలో పడనట్టు వచ్చేసింటే ఏం పోయేది?" ఇంట్లో అత్త అందుకుంది. "నీ నియమానికి పిల్లోళ్ళ గ్రౌండు పోతాది చూడు."

"ఒకే నోటితో గోవిందా అనీ, ఓటూ అనీ అడిగితే సామికి ఏది ఇనబడతాది?"

"ఆయనకు అన్నీ ఇనబడతాయి. నీకే ఏదీ ఇనబడదు."

మామ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మండపం లేచింది. అందులో జరిగిన మొదటి పెళ్ళికి వెళ్ళి భోంచేసి, పాయసం బాగుందని కూడా చెప్పొచ్చాడు. అత్త చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. పిల్లల ఆట వీధిలోకి మారింది. బంతి తగిలి కిటికీ అద్దం పగిలినప్పుడల్లా మామ బంతి తిరిగిచ్చి, కొత్త అద్దం పెట్టించుకునేవాడు.

మరుసటి పురట్టాసిలో ఆయన మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడి గోవిందా అన్నాడు. టీచరమ్మ వచ్చింది. పిడికెడు పోసింది. ఒక్క మాటా అనలేదు. అప్పటినుంచీ ఏటా అంతే. ఇప్పుడు మామ చేయి వణికి నామం కాస్త వంకరగా వస్తోంది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని గేటు దాకా రావడానికి చాలాసేపు పడుతోంది. అంతసేపూ ఆయన కదలకుండా నిలబడతాడు. ఆ ఆదివారం ఆవిడ ఓటు ఎవరికి వేసిందో ఇన్నేళ్ళలో ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు.