యార్కర్ అన్న సెలవూ, నా కల్చర్ రౌండూ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే కనీసం పాతికేళ్ళైనా గడిచి ఉండాలి. నేను చెప్పబోయేది జరిగి నాలుగేళ్ళు కూడా కాలేదు. అయినా అప్పటి నా ఫోటో చూసుకుంటే, ఎవరో దూరపు చుట్టాల అబ్బాయిని చూసినట్టే ఉంటుంది. తల నిండా జుట్టు, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు (స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప తీసేవాణ్ణి కాదు), ముఖంలో లోకానికి మేలు చేసి తీరాలన్న పట్టుదల. కాకినాడ నుంచి దుబాయ్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఒక కాంట్రాక్టు కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో అందరికంటే చిన్న ఉద్యోగం. ఇంటర్నేషనల్ సిటీలో నలుగురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళం. కూలీల సెలవుల జాబితా తయారుచేయడం నా పని. ఎవరు ఏ నెలలో ఇంటికి వెళ్ళాలో నా కంప్యూటర్లో ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరిపితే చాలు. అంత అధికారం ఇరవై నాలుగేళ్ళవాడి చేతిలో పెట్టకూడదని ఇప్పుడు తెలుసు.

మా కంపెనీ క్యాంపుల మధ్య టేప్ బాల్ క్రికెట్ లీగ్ జరిగేది. అల్ కుసైస్ క్యాంపులో మన తెలుగు జట్టుండేది. చాలామంది జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్ళు. కాగితాలు చూసిపెట్టేది నేనే కాబట్టి నన్ను మేనేజరు అనేవాళ్ళు (ఆ బిరుదు గురించి మా అమ్మకి ఫోన్లో చెప్పాను, ఆమె మా వీధంతా చెప్పింది). జట్టు పెద్దని అందరూ కెప్టెన్ మామ అని పిలిచేవారు. జట్టుకి ప్రాణం మాత్రం యార్కర్ అన్న. ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నగా, నల్లగా, తక్కువ మాట. పగలంతా పరంజీ కట్టేవాడు, సెలవునాడు పొద్దున్నే బ్యాట్స్‌మన్ కాలివేళ్ళ మీదికి బంతి వేసేవాడు. ఆదిలాబాద్ అడవుల వైపు గోండు గూడెం ఆయనది. మూడేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు. మొదట కరోనా విమానాలని ఆపింది, తర్వాత మా ప్రాజెక్టు ఆయన్ని ఆపింది. ఆ ఏడాది మాత్రం అక్టోబరు జాబితాలో ఆయన పేరుంది.

ఇంతలో మా ముదీర్, అంటే కంపెనీ పెద్ద మేనేజరు, ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న కూతుర్ని చూసి తిరిగొచ్చాడు. ఆయన అరబ్బు పెద్దమనిషి. పాతికేళ్ళుగా మనవాళ్ళతో పనిచేసి, మాటకి ముందు ఒకటీ వెనక ఒకటీ అరబ్బీ ముక్క తగిలించి చక్కని హిందీ మాట్లాడేవాడు. అక్కడి లీగుల్లో ఏడాదికోసారి ఒక రౌండుని ఆ నేల అసలు మనుషుల పేరిట ఆడతారట. వాళ్ళ బొమ్మలున్న చొక్కాలు వేసుకుంటారట, ఆటకి ముందు వాళ్ళ పెద్దలు స్వాగతం చెబుతారట. చూసి ఆయన కళ్ళు చెమర్చాయట. "మన లీగులోనూ ఒకటి పెట్టాలి. ప్రతి జట్టూ తన ప్రాంతపు ఆదివాసుల్ని గౌరవించాలి. యల్లా, ఎవరు చూస్తారు?" అన్నాడు. సమావేశంలో పదకొండుమందిమి ఉన్నాం. పదిమంది బల్లకేసి చూశారు, నేను చెయ్యెత్తాను.

ఈ విషయం క్యాంపులో చెప్పగానే కెప్టెన్ మామ వెంటనే ముందుకొచ్చాడు. "అసలు మనుషులంటే నేనే గద సారూ. గీ క్యాంపుల అందరికంటె ముందుగాల దిగింది నేను. అప్పుడు గీడ ఇసుక తప్ప ఏం లేకుండె" అన్నాడు. ఆయనకి నచ్చజెప్పేసరికి టీ చల్లారిపోయింది. యార్కర్ అన్న మాత్రం పక్కన కూర్చుని బంతికి టేపు చుడుతున్నాడు. ఆయన్ని చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. మిగతా జట్లు ఎక్కడో పుస్తకాల్లో వెతుక్కోవాలి, మన దగ్గర నిజమైన మనిషే ఉన్నాడు! మర్నాడు ఆఫీసుకి రాగానే ఆయన పేరుని అక్టోబరు గడిలోంచి తీసి డిసెంబరు గడిలో పెట్టాను. ఉత్సవానికి ముఖ్యమైన మనిషే లేకపోతే ఎలా?

సాయంత్రం ఆ శుభవార్త నేనే స్వయంగా చెప్పాను. "అన్నా, నీ సెలవు డిసెంబరుకి జరిపాను. ఈ రౌండంతా నీ కోసమే. నీ పండగే ఇక్కడ చేస్తున్నాం" అన్నాను. ఆయన చాలాసేపు టేపు చుట్టాడు.

"దీపావళికి మాకు దండారీ ఉంటది సారూ. డిసెంబర్ల పత్తి ఏరుడు ఉంటది" అన్నాడు.

"అందుకే కదన్నా, ఆ దండారీనే గ్రౌండ్‌లో చూపిద్దాం! అంతా పద్ధతి ప్రకారం. ఒక్క తప్పు జరగడానికి వీల్లేదు" అన్నాను.

"సరె సారూ" అన్నాడు. ఆ 'సరె' ఎటువంటి సరెనో ఇప్పటి నాకైతే అర్థమయ్యేది.

దండారీ గురించి ఫోన్లో రెండు వీడియోలు చూశాను. ఒళ్ళంతా బూడిద పూసుకుని, తలమీద ఇంత పొడుగున నెమలీకల కిరీటం పెట్టుకుని ఆడే గుస్సాడీలని చూశాక నాకు నిద్ర పట్టలేదు. నెమలీకలు ఎక్కడ దొరుకుతాయో తెలియక, మా బిల్డింగు కింది కొట్లో దుమ్ము దులిపే ఈకల కర్రలు ఆరు కొన్నాను. ఈకలు పీకి, సైట్లో పెట్టుకునే పసుపుపచ్చ హెల్మెట్ మీద జిగురుతో అంటించాను. రౌండుకి ఇంకా రెండు వారాలుందనగా, ఆదివారం మధ్యాహ్నం, క్యాంపు మెస్సులో భోజనాల వేళ దాన్ని నెత్తిన పెట్టుకుని, "ఎలా ఉంది?" అంటూ నాలుగడుగులు కూడా వేశాను. కెప్టెన్ మామకి పొలమారింది. అందరూ ఫోన్లు తీశారు. యార్కర్ అన్న పళ్ళెం పక్కన పెట్టి లేచాడు.

"సారూ, పెట్టుకున్నరా?"

"పెట్టుకున్నానన్నా. కొంచెం బిగుతుగా ఉంది."

"గట్లయితె పద్ధతి ఉంటది సారూ. మా దిక్కు అది టోపీ గాదు, దేవుడు. పెట్టుకున్నోడు పండుగ ఒడిసేదాంక తానం జెయ్యడు. చెప్పులు తొడగడు. కిందనే పంటడు. మీరే అన్నరు గద, ఒక్క తప్పు గూడ జరగొద్దని."

మెస్సంతా నాకేసి చూస్తోంది. ఆ మాట నేను అన్నాను, పైగా అన్ని క్యాంపులకీ ఈమెయిల్లో కూడా పంపాను. "తప్పకుండా అన్నా" అన్నాను. "మరి ఆఫీసుకి చెప్పుల్లేకుండా..." అని నసిగాను. ఆయన "ఆఫీసుకు బూట్లు తొడుక్కోండ్రి. డ్యూటీ అంటె దేవునికి తెల్వదా?" అని దయతలిచాడు. స్నానం విషయంలో మాత్రం దేవుడు డ్యూటీని పట్టించుకోడట.

అక్టోబరు నెల దుబాయ్ ఎండ గురించి దుబాయ్ చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఎండ తగ్గిందని అందరూ అంటారు గానీ ఆ మాట చొక్కాకి తెలియదు. సోమవారం సెంటు కొట్టుకుని నెగ్గుకొచ్చాను. మంగళవారం సెంటూ చెమటా రాజీ పడలేక రెండూ విడివిడిగా వాసన కొట్టడం మొదలుపెట్టాయి. బుధవారం బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండగానే జనం నిలబడి ప్రయాణం చేశారు. గదిలో నేను నేలమీద పడుకుంటున్నానని తెలిసి నా మంచమ్మీదికి మిగతా ముగ్గురి పెట్టెలూ చేరాయి. ఫోన్లో అమ్మ, "ఏంట్రా, గొంతు నీరసంగా ఉంది, తలంటుకున్నావా?" అని అడిగింది. మాట మార్చాను. ఇంత కష్టంలోనూ నాకు లోలోపల ఒక గర్వం, ఒక జాతి సంస్కృతిని నేనొక్కణ్ణే ఒంటిమీద మోస్తున్నానని.

గురువారం ముదీర్ గదిలో రౌండు మీద సమీక్ష. తెరుచుకునే కిటికీ ఒక్కటి కూడా లేని గది. నేను చొక్కా నమూనాలు చూపిస్తున్నాను. ఆయన ముందు ఏసీ పెంచాడు, తర్వాత కుర్చీ వెనక్కి జరిపాడు, చివరికి చేతిరుమాలు తీశాడు.

"వల్లాహి, నీకేమైంది? మీ గదిలో నీళ్ళు రావడం లేదా?"

నేను నిటారుగా నిలబడి దీక్ష సంగతంతా చెప్పాను. దండారీ, గుస్సాడీ, నేల పడక, ఏదీ వదల్లేదు. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన రుమాలు ముక్కుకి అడ్డంగానే ఉంచుకుని అడిగాడు. "ఈ పండగ అసలు ఎప్పుడు?"

"ఇప్పుడే సార్. అక్కడ మొదలై నాలుగు రోజులైంది."

"మరి ఆ మనిషి ఎక్కడున్నాడు?"

"ఇక్కడే సార్. మన సైట్లో, ఏడో అంతస్తు పరంజీ మీద."

ఆయన ఫోన్ తీసి అన్నని పిలిపించాడు. అన్న హెల్మెట్ చేత్తో పట్టుకుని, సిమెంటు బూట్లతో తివాచీ తొక్కాలా వద్దా అని గుమ్మంలోనే ఆగిపోయాడు. ముదీర్ లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. "ఈ రౌండు మీ గౌరవం కోసం పెడుతున్నాం. నీకేం కావాలో చెప్పు. చొక్కాయా, డోళ్ళా, ఉపన్యాసమా?"

"సాబ్, ఛుట్టీ చాహియే" అన్నాడు అన్న.

అంతే, సెలవు. నెలరోజులుగా నేను తయారుచేసిన పన్నెండు పేజీల పథకంలో ఆ మాట ఎక్కడా లేదు. జాబితా మార్చింది ఎవరని ముదీర్ అడిగాడు. నేనే అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ మనిషి మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న పండగని, ఆయన్ని గౌరవిద్దామనే నేను లాగేసుకున్నాను. ఆ రోజు ముదీర్ తిట్టి ఉంటే బాగుండేది. "ఈరోజే టికెట్. ఖలాస్. తర్వాత నువ్వు స్నానం చెయ్యి" అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఎయిర్‌పోర్టు వ్యాను దగ్గరికి నేనూ కెప్టెన్ మామా వెళ్ళాం. అన్న కొత్త చొక్కా తొడుక్కున్నాడు, ముఖం వెలిగిపోతోంది. పెట్టె ఎక్కించి నా దగ్గరికొచ్చి, గాలి వచ్చే వైపు చూసి నిలబడ్డాడు.

"సారూ, ఇగ తానం జెయ్యుండ్రి."

"పండగ ఇంకా అవ్వలేదుగా అన్నా?" (ముదీర్ చెప్పినా నేను చెయ్యలేదు. నా పట్టుదల అటువంటిది.)

"మీరు పెట్టుకున్నది దేవుడు గాదు సారూ, దుమ్ము దులిపే కట్టె. ఆ దినమే జెయ్యచ్చుండె."

"మరి నాకెందుకు అలా చెప్పావన్నా?"

"ఏం జెయ్యాలె సారూ? మీరు నా పండుగ గుంజుకుంటిరి. ఆఫీసుల సారును కొట్టలేను, తిట్టలేను. అందుకే మీ తానం బందువెట్టిన."

కెప్టెన్ మామ వ్యాను తలుపు పట్టుకుని నవ్వలేక కూర్చుండిపోయాడు. క్యాంపు మొత్తానికి మొదటిరోజు నుంచే తెలుసట. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "తప్పయిపోయిందన్నా" అన్నాను. ఆయన నా భుజమ్మీద చెయ్యి వెయ్యబోయి, ఒక్క క్షణం ఆగి, వేశాడు.

రౌండు అనుకున్న రోజునే జరిగింది. మా చొక్కాలు చాలా బాగున్నాయని అందరూ అన్నారు. ఆటకి ముందు అన్న పంపిన వీడియోని ముదీర్ పెద్ద తెరమీద వేయించాడు. పొరుగు గూడేనికి దండారీ ఆడడానికి వెళ్ళిన అన్నవాళ్ళ కాళ్ళు అక్కడివాళ్ళు కడిగి, డోళ్ళతో లోపలికి తీసుకెళ్తున్నారు. అన్న కెమెరాకేసి చూడనే లేదు, అంత తీరికగా లేడు. తర్వాత ఆట మొదలైంది. యార్కర్లు వేసేవాడు లేక అవతలి జట్టు మా బంతుల్ని పక్క గోడౌను కప్పు మీదికి పంపింది. అందులో రెండు ఇప్పటికీ దొరకలేదు.

ఇలాంటి రౌండ్లు పెట్టాలా వద్దా అని మా ఆఫీసులో ఇప్పటికీ వాదనలు జరుగుతుంటాయి. నన్నడిగితే పెట్టాలనే అంటాను. ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు కూడా మంచివాడే పాపం. ఒక మనిషి గౌరవార్థం పండగ చెయ్యాలనుకున్నాడు, ఆ మనిషిని అడగడమొక్కటే మర్చిపోయాడు. అతన్ని తలుచుకుంటే నాకిప్పుడు కోపం రాదు, కొంచెం ముచ్చట కూడా వేస్తుంది. అతనికి సందేహమనేది ఉండేది కాదు, నాకిప్పుడు అన్నీ సందేహాలే. అందుకని ప్రతి ఏడూ రౌండుకి నెల ముందు క్యాంపుకి వెళ్ళి, "అన్నా, ఈసారి ఏం చేద్దాం?" అని అడుగుతాను. ఆయన టేపు చుడుతూనే, "సెలవు రాయుండ్రి సారూ" అంటాడు. రాస్తాను. తర్వాత అందరం ఆ చొక్కాలు తొడుక్కుని వెళ్ళి, పద్ధతిగా ఓడిపోయి వస్తాం.