అన్న నడుం మీద నా కాలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నా కుడికాలికి మహిమ ఉందని ఇంట్లోవాళ్ళు అంటే అదీ నమ్మలేదు. పుట్టేటప్పుడు నాకు తలకంటే ముందు కాళ్ళు బయటికొచ్చాయట. అలా పుట్టినవాళ్ళు కాలు ఆనిస్తే నడుం పట్టు విడుస్తుందని మా వైపు నమ్మకం. పాలిటెక్నిక్‌లో చేరాక, ఎవరు అడగొచ్చినా తిప్పి పంపేవాణ్ణి.

ఎనభైల నాటి మాట. అన్న ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడు. దుంగ ఎత్తుతుంటే నడుం పట్టేసింది. మర్నాడు పొద్దున్నే వదినా నేనూ దవాఖానాకు తీసుకుపోయాం.

డాక్టర్ కుర్చీలోంచి లేవలేదు. నడుం తాకి చూడలేదు. కాళ్ళు ఎత్తించలేదు. తిమ్మిరి ఉందా, మూత్రం వస్తుందా అని అడగలేదు.

"ఇది డ్యూటీ ఎగ్గొట్టే నొప్పి," అని నవ్వి, సూది వేయించి పంపేశాడు.

మధ్యాహ్నానికి అన్న పక్కకు కూడా తిరగలేకపోయాడు. వదిన నన్ను బతిమాలింది.

"ఒక్కసారి కాలు ఆనియ్యి మరిదీ. నీ చదువేం అరిగిపోదు."

అంత నొప్పిలోనూ అన్న నవ్వాడు. "మెల్లగ ఆనియ్యిరా. గట్టిగ తంతే బాయిల పడ్త."

వదిన కోసం ఆనించాను. బరువు వేయలేదు. ముందు ఒంటి వెచ్చదనం తెలిసింది. తర్వాత ఏమీ తెలియలేదు. నా అరికాలు, తొడ వెనక, కూర్చునే చోటు, అన్నీ మొద్దుబారాయి. కాలు వెనక్కి తీసుకున్నా ఆ మొద్దుతనం పోలేదు.

"అన్నా, కూర్చునే కాడ తిమ్మిరున్నదా?"

అన్న నవ్వు ఆగింది. "అవ్. నీకెట్ల తెల్సురా? పొద్దుగాల్ల సంది ఒంటేలు గూడ వస్తలేదు. మీ వదిన ముందట ఏం జెప్తనని ఊకున్న."

అన్నను మోసుకుని మళ్ళీ దవాఖానాకు పరుగెత్తాం. పొద్దుటి డాక్టర్‌కే అన్నీ వరుసగా చెప్పాను.

"గివన్నీ ఎవరు కనిపెట్టిండ్రు?" అన్నాడు.

"మా మరిది కాలు ఆనిచ్చి చూసిండు సార్," అంది వదిన.

గదంతా నవ్వింది. "అయితే రెండో కాలు గూడ ఆనియ్యమను," అన్నాడు డాక్టర్. అన్నకు ఇంకో సూది వేయించాడు.

ఆ సాయంత్రమే అన్నను వెనక సీట్లో పడుకోబెట్టి హైదరాబాద్ బస్సెక్కాం. అక్కడి డాక్టర్ మొదట అడిగినవి ఆ రెండు ప్రశ్నలే. డిస్కు జారి నరాల కట్టను నొక్కేసిందన్నాడు. ఆపరేషన్ చేశాడు. "మొదటి దవాఖానాలోనే పట్టుకోవాల్సింది," అన్నాడు. అన్న మళ్ళీ నడవలేదు.

నా ఒంట్లో మొద్దుతనం మెల్లగా తగ్గి, చివరికి కుడి అరికాల్లో ఆగిపోయింది. నరాల పరీక్షలు చేయించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు. ఇప్పటికీ ఆ కాలికి ముల్లు గుచ్చుకుంటే, నెత్తురు చూశాకే తెలుస్తుంది.

ఆ రోజు నా కాలికి ఏమైందో నేను చెప్పలేను. ఆ డాక్టర్ కుర్చీలోంచి ఎందుకు లేవలేదో, అదీ చెప్పలేను.