గంట సంగతి చెప్పని మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. పోయిన మంగళవారం నర్సీపట్నం నుంచి మొదటి బస్సుకి మా తమ్ముడు వచ్చి, గుమ్మంలో నిలబడే "మాస్టారు పోయారక్కా, బేగి బయల్దేరు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ముందు వచ్చింది కోపం. "నాకే ఎందుకలా చేశారు?" అని ఆయన్ని అడగాలని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. అడుగుదామంటే ఇప్పుడు మనిషే లేరు. స్కూలువాళ్లు స్మృతి వ్యాసం రాయమన్నప్పుడు మంచి మాటలే రాయాలని నాకూ తెలుసు. ఆయన నాకు చేసిన మంచి చాలానే ఉంది, అది రాస్తాను. మిగతాదీ రాస్తాను.

డెబ్బైల్లో మా హైస్కూల్లో ఆడపిల్లలకి ఆటంటే టెన్నికాయిట్ రింగు విసురుకోవడమే. పరుగు మగపిల్లల సొత్తు. ఈయన బదిలీ మీద వచ్చిన నెలలోనే మమ్మల్నందర్నీ గ్రౌండులో నిలబెట్టి "ఆ గోడ ముట్టుకుని రండమ్మా" అన్నారు. అందరికంటే ముందు తిరిగొచ్చింది నేనూ, హాస్టల్లో ఉండి చదువుకునే నాతవరం పిల్లా. ఆయన మా ఇద్దరి మొహాలూ చూడలేదు, పాదాలు చూశారు. "రేపట్నించి పెందలాడే రండి" అన్నారు.

చింతపల్లి రోడ్డు మీద మేం పరిగెత్తేవాళ్లం, ఆయన వెనకాల సైకిల్ మీద వచ్చేవారు. విజిల్‌ని జేబురుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు గానీ మా కోసం ఎప్పుడూ ఊదలేదు. విజిల్ వినిపిస్తే రోడ్డున పోయేవాళ్లు ఆగి ఆడపిల్లల్ని చూస్తారని, చప్పట్లు కొట్టేవారు. ఒక చప్పటైతే వేగం పెంచాలి, రెండయితే తగ్గించాలి. అంత ఆలోచన ఉన్న మనిషి. అందుకే ఆయన చేసిన పని ఇప్పటికీ మింగుడు పడదు.

ఏమీ తెలియని మాకు ఆయన అన్నీ మొదటినుంచి నేర్పారు. రోడ్డు దిగి జీడితోటల్లోకి, చెరుకు చేల గట్ల మీదకి తోలుకుపోయి, అదే క్రాస్ కంట్రీ అన్నారు. "గట్టు మీద నేలని సూడాలి, ట్రాక్ మీద నేలని మర్సిపోవాలి" అనేవారు. ఎక్కుడులో అడుగు చిన్నది చెయ్యమనేవారు, దిగుడులో చేతులు వదులుగా ఉంచమనేవారు. పిడికిలి బిగిస్తే "ఏటమ్మా, సేతిలో ఏటి దాసేవు?" అని నవ్వేవారు. రిలే కర్రకి వెదురు ముక్క, గుండు విసరడానికి ఏటి రాయి, హర్డిల్స్‌కి సరుగుడు కర్రలు. పని అయ్యాక అరుగు మీద కూర్చుని సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ, మా అడుగుల్లో తప్పులు ఒక్కొక్కటీ చెప్పేవారు. ఆ టీ చల్లారేదాకా తాగేవారు కాదు.

పదో తరగతిలో విశాఖపట్నంలో జిల్లా పోటీలన్నారు. మా నాన్న తాలూకాఫీసు గుమాస్తా, ఒప్పుకోలేదు. మాస్టారే మా ఇంటికి వచ్చారు. నాన్న "ప్రైజు తెస్తే కాలేజీలో కూడా పరిగెత్తనిస్తాను. తేకపోతే ఇక్కడితో సరి" అన్నారు. మాస్టారు నా తల మీద చెయ్యి పెట్టి "గెలిపించి తీసుకొస్తానండీ" అన్నారు. ఆ చేతి బరువు ఇప్పటికీ నాకు గుర్తుంది.

నేనూ నాతవరం పిల్లా, ఇద్దరం పదిహేను వందల మీటర్లకే. నేను పెద్ద గ్రౌండు చూడటం అదే మొదలు. మాస్టారు నన్ను పక్కకి తీసుకెళ్లి, సున్నంతో గీసిన ముగింపు గీత చూపించారు. "ఆ గీత రెండుసార్లు దాటితే పందెం అయిపోద్ది. ఉన్నదంతా పెట్టీ. ఎనక్కి సూడకు" అన్నారు. చివర్లో ఊలు దారం కడతారని విన్నానే అని అడిగాను. "అది మగపిల్లలకేనమ్మా" అన్నారు.

ఉన్నదంతా పెట్టాను. ఆ రోజు పరిగెత్తినట్టు జన్మలో ఎప్పుడూ పరిగెత్తలేదు. ఎప్పుడూ ఫస్టొచ్చే పట్నం పిల్ల నన్ను అందుకోవాలని రొప్పుతూ వెంటపడింది. గీత రెండోసారి దాటాను. రెండు చేతులూ పైకెత్తి ఆగిపోయాను. గెలిచాననుకుని నవ్వుతున్నాను. పట్నం పిల్ల నన్ను దాటుకుని వెళ్లిపోయింది, దాని వెనకే మా నాతవరం పిల్ల. గీత దగ్గరున్న ఒకాయన "ఆగిపోనావేటమ్మా, ఇంకా రెండు రౌండ్లున్నాయి!" అని అరిచాడు.

మాస్టారి కోసం చూశాను. ఆయన నాకేసి చూడటం లేదు. మళ్లీ పరిగెత్తబోతే కాళ్లు మాట వినలేదు. నేను ఈడ్చుకుంటూ తిరుగుతుంటే గంట మోగింది. ఆఖరి రౌండు మొదలయ్యిందని చెప్పడానికి కొట్టే గంట. ఊపిరి తీయడం దగ్గర్నుంచి అన్నీ నేర్పిన మనిషి ఆ ఒక్క సంగతీ నాకు చెప్పలేదు. నన్ను తరుముతూ అలిసిపోయిన పట్నం పిల్లని దాటి నాతవరం పిల్ల ఊలు దారం తెంపింది. ఆడపిల్లలకీ దారం కట్టారు.

తిరుగు బస్సులో మాస్టారు అరటిపళ్లు ఇస్తూ "నీ వల్లేనమ్మా స్కూలుకి కప్పొచ్చింది" అన్నారు. తప్పు చేసిన మొహం కాదు అది, తెలివిగా పని చక్కబెట్టిన మొహం. నేను పళ్లు ముట్టుకోలేదు. మా నాన్న మాట మీద నిలబడే మనిషి, మళ్లీ నన్ను గ్రౌండుకి పంపలేదు. మాస్టారు మా ఇంటికి వచ్చి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. రాలేదు. నా పెళ్లికి మాత్రం వచ్చి, మా అత్తవారికి నన్ను "కప్పు తెచ్చిన పిల్ల" అని చూపించారు. ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. అయినా ఈ రోజుకీ మెట్లెక్కితే అడుగు చిన్నదే పడుతుంది, పిడికిలి దానంతటదే వదులవుతుంది. ఆ రుణం కాదనలేను. కాదనలేకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ఆ మంగళవారం మాస్టారి ఇంటి దగ్గర నాతవరం పిల్ల కనిపించింది. ఇప్పుడు నక్కపల్లి వైపు ఒక స్కూల్లో డ్రిల్లు టీచరు. నన్ను పట్టుకుని ఏడ్చింది. పాడె లేచాక ఆడవాళ్లం వీధి చివరిదాకా నడిచి ఆగిపోయాం. అక్కడ నా చెయ్యి పట్టుకుని, నేను అడక్కుండానే చెప్పింది.

"నాకు ముందురోజే సెప్పీసినారే. అది రెండోసారి గీత కాడ ఆగిపోతాది, అందాకా పట్నం పిల్ల ఎనకాలే ఉండు అన్నారు. దానికి నాన్నున్నాడు, నీకెవులున్నారన్నారు."

నిజమే, ఆమె తండ్రి లేని పిల్ల. నేను అడగాలనుకున్నదానికి జవాబు అదేనన్నమాట. కానీ అప్పుడు నాకు ఆయన గుర్తు రాలేదు. పందేనికి ముందు రాత్రి మేమిద్దరం ఒకే దుప్పటి కింద పడుకున్న సంగతి గుర్తొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"సెప్దామనుకున్నాను. నువ్వు ముందు పరిగెడతంటే ఎనకనించి అరుద్దామని కూడా అనుకున్నాను." కొంగుతో కళ్లొత్తుకుంది. "అరిస్తే నువ్వు ఆగవు. నువ్వు ఆగకపోతే నాను గెలవను."

నేను మెల్లగా నా చెయ్యి తీసేసుకున్నాను. పాడె మలుపు తిరిగింది. ఇద్దరం ఎండలో పక్కపక్కనే నిలబడి, ఒకరినొకరు చూసుకోకుండా, మాస్టారు వెళ్లిన దారికేసి చూస్తూ ఉండిపోయాం.